రాలిపోయిన వకారం మీద విచారణ

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉండేవి, ఒక్క ఆఫీసు తప్ప. కొంగ ధవళకీర్తిగారు ఆ లోటు తీర్చారు.

ఆయన గంటలకొద్దీ ఒంటికాలి మీద నిలబడి ఆలోచించేవారు. పక్కనే చేపలుండడం వేరే సంగతి. ఒకనాడు అడవి సభలో ఒక పటం పరిచారు.

"మన మాట నది ఒడ్డున నిండుగా పుట్టింది. మొదటి వాగు దాటేసరికి ఒత్తులు జారిపోయి 'భయం' కాస్తా 'బయం' అయింది. రెండో వాగు దగ్గర 'చూడండి' మెత్తబడి 'సూడండి' అయింది. కొండెక్కేసరికి 'వేట'లో వకారమే లేదు. ఇలా అరిగిపోతే మన మనవల నోట గాలి తప్ప ఏమీ మిగలదు."

సభాధ్యక్షుడు ఎలుగుబంటి కునికిపాట్లు పడుతూ తల ఊపాడు. దాన్ని ఆమోదం కింద రాసుకున్నారు. అలా ధవళకీర్తిగారు అధిపతిగా ఉచ్చారణ శాఖ పుట్టింది.

కొండ మీది జింక నూకాలు మాత్రం ఒక మాట అడిగింది. "కొండెక్కేటోల్లు బరువు దించుకోరేటి బావూ?"

ఆ మాట సభ మినిట్స్‌లోకి ఎక్కలేదు. ఉచ్చారణ బాగాలేదట.

శాఖ మొదటి వేటు కొండముచ్చు పైడయ్య మీద పడింది. మద్దిచెట్టు కొసన కూర్చుని, వేటగాడు కనబడగానే కేకెయ్యడం అతని కొలువు. పదేళ్లుగా "ఏటగాడొత్తన్నాడు, పరిగెట్టండి!" అని అరుస్తున్నాడు. పదేళ్లుగా అందరూ పరిగెత్తి బతుకుతున్నారు. నూకాలుకైతే నాలుగు రోజుల కూన ఉంది. దానికింకా కాళ్లు సరిగా నిలవడం లేదు. కేక కాస్త ఆలస్యమైతే దాని పని అంతే.

పరీక్ష పెట్టారు. 'వేటగాడు' అనమంటే పైడయ్య చెమటలు కక్కుతూ 'ఏటగాడు' అన్నాడు. "కనబడితే అంతాను గానీ, కనబడకండా ఎలగంతాను బావూ?" అని కూడా అన్నాడు. సున్నా వేశారు.

కొలువు చిలక మంజుభాషిణికి దక్కింది. పట్నంలో ఒక పండితుడి పంజరంలో పెరిగిన చిలక. ఒక్క ఒత్తునైనా నేల రాలనిచ్చేది కాదు. శాఖ గుర్తించని కేకకు పరిగెత్తబోమని జంతువులన్నీ హామీపత్రం మీద గిట్టముద్రలు వేశాయి. వెయ్యకపోతే రేవులో నీళ్లు తాగనివ్వరు కనక నూకాలూ వేసింది. బాలింత, దాహం మరి.

మూడో రోజు పొద్దున్నే వల భుజాన వేసుకుని వేటగాడు వచ్చాడు.

మంజుభాషిణి చూసింది. ఆమె ఎరుకలో మనిషంటే జామపండు పెట్టేవాడు. గొంతు సవరించుకుని, "విచ్చేయండి మహాభాగా! సుఖాసీనులు కండి!" అంది. ఉచ్చారణకు వంక పెట్టడానికి లేదు. జంతువులు మేస్తూనే ఉన్నాయి.

కొలువు పోయినా అలవాటు పోని పైడయ్య పక్క చెట్టు మీంచి "ఏటగాడొత్తన్నాడు!" అని గొంతు చించుకున్నాడు. నూకాలుకు హామీపత్రం గుర్తే రాలేదు. కూనను మూతితో నెట్టుకుంటూ పొదల్లో పడింది. వెనకే మందంతా.

ధవళకీర్తిగారు ఒక్కరే నిలబడ్డారు. "ఆగండి! ఆ కేక చెల్లదు! వకారం లే..." అంటుండగానే వల ఆయన మీద పడింది.

"ఓలమ్మో, ఒలలో పడ్డాను! సచ్చిపోతన్నాను! పైడయ్యా!"

ఇంతలో వేటగాడు చిలక పలుకులకు ముచ్చటపడి, వల అక్కడే వదిలేసి చెట్టెక్కాడు. మంజుభాషిణి సంతోషంగా వచ్చి అతని భుజం మీద వాలింది. ఆ మురిపెంలో అతను వల సంగతే మరిచి ఆమెను తీసుకుని వెళ్లిపోయాడు. పైడయ్య దిగి, పళ్లతో తాళ్లు కొరికి, కొంగను బయటికి లాగాడు. ఏ అక్షరం రాలిందని అడగలేదు.

మర్నాడు సభలో శాఖను ఎత్తేస్తారనే అందరూ అనుకున్నారు. ధవళకీర్తిగారు ఒక సవరణ చదివారు. ప్రాణాపాయం వేళ వకారం వదులుకోవచ్చు, అయితే శాఖాధిపతి హోదా ఉన్నవారు మాత్రమే. ఎలుగుబంటి తల ఊపాడు. అనుమతి లేకుండా అరిచినందుకు పైడయ్యకు సంజాయిషీ నోటీసు వెళ్లింది.

అతను దాన్ని నడుం కింద పరుచుకుని మద్దిచెట్టు కొసన కూర్చున్నాడు. కింద నూకాలు కూన ఎవరూ నెట్టకుండానే నాలుగడుగులు వేసింది.

నీతి: అక్షరం రాలినా అడవి బతుకుతుంది, ఆ సంగతి ఒప్పుకుంటే ఆఫీసు బతకదు.