ఆలూరు స్టేజీ దాకా జపానక్క పియానో

కార్మికుల కష్టాలన్నింటికీ ఒకటే మందు, పియానో! నవ్వకండి, నిజం చెబుతున్నా. జీతం పెంచితే రెండో నెలకు మరిచిపోతారు. బోనస్ ఇస్తే పండగతో సరి. బస్సు వేస్తే అది డీజిల్ తాగుతుంది. పియానోకు డీజిల్ అక్కర్లేదు, డ్రైవర్ అక్కర్లేదు, టైర్లు అసలే అక్కర్లేదు. మీట నొక్కితే చాలు, మనుషులు మెత్తబడిపోతారు.

ఈ సత్యాన్ని కనిపెట్టిన మహానుభావుడు ఆనంద్ బాబు. చందనవెల్లిలో కార్లకు వైరింగు కట్టే ఒక జపాన్ ఫ్యాక్టరీకి ఆయన హెచ్చార్ మేనేజరు. కాపురం మొయినాబాద్‌లో. కంపెనీ కారు ఆయనను ఇంటి గేటు ముందు ఎక్కించుకుంటుంది, సాయంత్రం అదే గేటు ముందు దించుతుంది. రవాణా సమస్యల మీద అలాంటి మనిషి ఆలోచన ఎంత ప్రశాంతంగా ఉంటుందో వేరే చెప్పాలా?

ఆలూరు కృప మనసుకు మాత్రం ఆ ప్రశాంతత ఇంకా అందలేదు. ఆమె అదే ఫ్యాక్టరీలో వైర్లు కట్టలు కట్టే లైనులో పనిచేస్తుంది. మొన్నమొన్నటి దాకా కంపెనీ బస్సు ఆమెనూ, ఆమె ఊరి ఆడవాళ్లనూ ఆలూరు స్టేజీలో దించేది. ఇప్పుడు చేవెళ్ల బస్టాండులోనే దించేసి వెనక్కి తిరిగిపోతోంది. అక్కడి నుంచి షేరాటో. ఆటో నిండేదాకా కదలదు. నిండాక కూడా డ్రైవరు దిగి, ఇంకొక్కరు ఎవరైనా వస్తారేమోనని రోడ్డు పొడుగునా చూస్తాడు.

కృప తల్లి మారెమ్మ రోజూ స్టేజీ దగ్గర నిలబడి ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయింది. ఒకరోజు తెగేసి చెప్పింది. "బస్సు మన స్టేజీ దాక వస్తెనే నౌకరి బిడ్డ. ఈ నెల, వచ్చె నెల చూస్త. రాకుంటె బంద్ చెయ్యి."

కృపకు ఆ నౌకరంటే ప్రాణం. చిక్కుపడిన వైర్ల మోపును ముందు పెట్టుకొని, ఒక్కో రంగునూ దాని దారిలో పెట్టేసరికి ఆమెకు అదో సంబరం.

సరిగ్గా అప్పుడు దిగింది జపాన్ నుంచి మందు! అక్కడి పెద్దసారు ఒకాయన ఫ్యాక్టరీ చూసి వెళ్తూ, ఆనంద్ బాబుకు ఒక ఆల్బమ్ కానుకగా ఇచ్చాడు. ఒకావిడ తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పియానో వాయిస్తూ పాడిన పాటలు. అట్ట మీద అన్నీ జపాన్ అక్షరాలే కావడంతో ఆమె పేరు ఎవరికీ తెలియలేదు. కాబట్టి ఫ్యాక్టరీ అంతా కలిసి జపానక్క అని పేరు పెట్టుకుంది.

పాటంటే ఎలాంటి పాట! డప్పు లేదు, డ్రమ్ము లేదు. పక్కన పసిబిడ్డ నిద్రపోతుంటే గిన్నెలు సర్దుకుంటున్న తల్లిలాగా పియానో మీద వేళ్లు కదుపుతుందావిడ. గొంతు అంతకన్నా మెల్లన. పాట మొదలైందా లేదా అని చెవి పెట్టి వినేలోపు అయిపోతుంది. ఒకచోట పాడబోయి ఊపిరి తీసుకొని, ఎందుకో ఆగిపోతుంది. ఆ ఆగడం కూడా బాగుంటుంది.

ఆనంద్ బాబు దాన్ని స్పీకర్లలో పెట్టించాడు. ఇక చూడండి మహిమ! క్యాంటీన్ సాంబారులో ముక్క కనిపించడం లేదని రోజూ గొడవ చేసే మహేశ్వర్, ముక్క కోసం వెతకడం మానేసి గరిటెను అలా తిప్పుతూ కూర్చున్నాడు. ఫ్యాను ఆగిపోయిన షెడ్డులో చెమట కూడా తాళం తప్పకుండా కారింది. కుళాయిలో నీళ్లు రాకపోతే, పియానో బాగా వినపడుతోంది కదా అని సంతోషించే స్థాయికి ఎదిగారు జనం. ఇంతకన్నా ఏం కావాలండీ ఒక కంపెనీకి?

కానీ అసలు మహిమ నెలాఖరు మీటింగులో బయటపడింది. అది తెలియాలంటే ముందు ఆలూరు చర్చి సంగతి ఒకటి తెలియాలి.

ఆ చర్చిలో కీబోర్డు వాయించేది జయరాజ్. పాటలప్పుడు అతను ఊరు అదిరేలా వాయిస్తాడు. ప్రార్థన మొదలవగానే మాత్రం కీబోర్డును పియానో ధ్వనిలోకి మార్చి, వినీ వినపడనట్టు మెల్లగా వాయిస్తాడు. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, తలలు వంగుతాయి, కళ్లు మూసుకుంటాయి. మళ్లీ తెరుచుకునేది ఆమేన్ అన్నాకే. అక్కడి పిల్లలు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ నేర్చుకునే విద్య ఇది. ఎవరూ చెప్పి చేయించరు, మెడ తనంతట తనే వంగుతుంది.

మీటింగులో ఆనంద్ బాబు ముందుగా ఆల్బమ్ పెట్టించాడు. మెల్లగా పియానో వినపడింది. ఆలూరు వాళ్లు కూర్చున్న బెంచీల్లో తలలన్నీ ఒక్కసారిగా వంగిపోయాయి. కృప పక్కన కూర్చున్న నీలవేణి చర్చికి పోయే మనిషి కాదు. అయినా పక్కవాళ్లందరూ కళ్లు మూసుకుంటే తానొక్కతే గుడ్లప్పగించి చూడటం బాగుండదని ఆమె కూడా మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో ఆనంద్ బాబు, బస్సు ఇకమీదట కూడా చేవెళ్ల వరకేనని, కంపెనీ కష్టాలను అందరూ అర్థం చేసుకోవాలని నెమ్మదిగా చెప్పాడు. ఆయన మాట, జపానక్క పాట ఒకేసారి అయిపోయాయి.

"ఆమేన్" అన్నారు జనం.

"థాంక్యూ. అందరూ ఒప్పుకున్నట్టే" అన్నాడు ఆనంద్ బాబు.

చూశారా! యూనియన్లు లేవు, ధర్నాలు లేవు, చర్చలు లేవు. ఒక్క పాటతో తేలిపోయింది. చదువుకున్న మేనేజరుకు, చదువుకోని మేనేజరుకు తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఇంటికెళ్లి కృప కళ్లనీళ్లు పెట్టుకుంది. అడగాలని వారం రోజులుగా మాటలు కూర్చుకొని పోయింది, తీరా చూస్తే తన నోటితోనే సరేనని వచ్చింది. ఆమేన్ ఎందుకన్నావని మారెమ్మ గదిమింది. నోట్లో నుంచి దానంతట అదే వచ్చిందని కృప చెప్పుకుంది.

మారెమ్మకు బస్సు సంగతి కన్నా ఇంకో సంగతి మింగుడు పడలేదు. "గట్ల మెల్లగ వాయిస్తుంటె ఎవరన్న ప్రార్థన చెయ్యాలె గద. చెయ్యకుండ ఆమేన్ ఏంది? ఏం పద్ధతి అది?"

కృప ఏడుపు ఆపి తల్లి ముఖంలోకి చూసింది.

తర్వాతి మీటింగు నాటికి మారెమ్మ ఇచ్చిన గడువు అయిపోవచ్చింది. ఆనంద్ బాబు టై సర్దుకొని పియానో పెట్టించాడు. తలలు వంగాయి. ఆయన గొంతు సవరించుకునేలోపు కృప లేచి నిలబడింది. కళ్లు మూసుకొని, చేతులు జోడించి మొదలుపెట్టింది.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రం. ఈ కంపెనీని దీవించు. మా ఆనంద్ బాబు సారును దీవించు, సారు కారును దీవించు, ఆ కారు నాలుగు టైర్లను దీవించు తండ్రీ."

ఆనంద్ బాబు ఆపబోయాడు. కానీ ఆయన కూడా చిన్నప్పటి నుంచి హైదరాబాద్‌లో చర్చి క్వయరులో పాడిన మనిషే. ప్రార్థన మధ్యలో ఎవరినైనా ఆపడం ఆయన ఒంట్లో లేదు. పియానో మోగుతూనే ఉంది. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. మెడ వంగింది.

"సారును ఇంటి ముందట దించుతున్నవు ప్రభువా, నీకు వందనాలు. మమ్మల్ని చేవెళ్లల దించుతున్నరు. మా అవ్వ స్టేజీ కాడ నిలబడి నా తొవ్వ చూస్తున్నది. బస్సు రాకుంటె నా నౌకరి బంద్ తండ్రీ." అక్కడ కృప ఊపిరి కోసం ఆగింది. జపానక్క కూడా సరిగ్గా ఊపిరి తీసుకునే చోటుకే వచ్చి ఆగింది. "నాకు ఈ నౌకరి కావాలె. సోమవారం నుంచి బస్సు ఆలూరు స్టేజీ దాక వచ్చేటట్టు చెయ్యుమని యేసు నామంలో అడుగుతున్నం తండ్రీ."

"ఆమేన్."

అందరికన్నా గట్టిగా వినపడిన గొంతు ఆనంద్ బాబుదే. క్వయరు గొంతు కదా!

ఆయన కళ్లు తెరిచేసరికి షెడ్డు షెడ్డంతా ఆయన వైపే చూస్తోంది.

"థాంక్యూ సార్. అందరం ఒప్పుకున్నట్టే" అంది కృప.

పోయిన నెల అదే ఆమేన్‌ను ఒప్పందంగా లెక్కలో వేసుకున్నది ఆనంద్ బాబే. ఇప్పుడు లెక్కలోకి రాదంటే అప్పటిది కూడా రాదు. ఎటు చూసినా బస్సే కనిపించింది ఆయనకు.

సోమవారం బస్సు చేవెళ్ల బస్టాండు దాటింది. అదే రోజు ఫ్యాక్టరీ గోడ మీద ఒక నోటీసు కూడా అంటించారు, ఇకమీదట కంపెనీలో సంగీతం నిషేధమని! ఎంత అన్యాయం చూడండి. కార్మికుల కష్టాలు తీర్చే దివ్యమైన మందు తీరా పనిచేయగానే దాన్ని ఆపేశారు.

కానీ బస్సు డ్రైవరు ప్రేమదాసు ఆ నోటీసు చదవలేదు. అతని స్పీకరులో జపానక్క నెమ్మదిగా పాడుతూనే ఉంది. ఇన్నాళ్లకు కృప ఆ పాటను మొదటి నుంచి చివరి దాకా విన్నది. బాగానే పాడుతుందే అనిపించింది.

బస్సులో ఎవరూ కళ్లు మూసుకోలేదు. ఎక్కడ స్టేజీ దాటించేస్తాడోనని అందరూ రోడ్డే చూస్తున్నారు.