ఆవిడ పాస్‌వర్డ్ మీద కేసు

ఆ ఉదయం గడియారాల మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: షాపు తెరిచేలోగా, పోయిన భార్య ఉత్తరాలు చదువుకోవాలి. గొంతు జబ్బుతో మాట పడిపోయాక ఆవిడ ఆసుపత్రి మంచం మీద ఫోన్లో ఏదో రాస్తూనే ఉండేది. ఏమిటని అడిగితే, అన్నీ మెయిల్లో మీకే దాస్తున్నాను, తర్వాత చదువుకోండని సైగ చేసేది. ఆ ‘తర్వాత’ రానే వచ్చింది. పాస్‌వర్డ్ మాత్రం ఆవిడతోనే పోయింది. నలభై ఏళ్లలో ఏ గడియారం మూతా మొరాయించని ఆ చేతులు నాలుగు నెలలుగా ఈ ఒక్క మూత దగ్గర ఓడిపోతున్నాయి.

మెయిల్ కంపెనీకి ఫోన్ చేశాడు.

“ఖాతాదారుల గోప్యత మాకు ప్రాణం సార్. ఆవిడ సమ్మతి కావాలి,” అంది అవతలి అమ్మాయి.

“దానికి నేనే పైకెళ్లి సంతకం పెట్టించుకు రావాలి తల్లీ.”

“సారీ సార్. ప్రభుత్వం అడిగితే తప్ప ఎవరికీ ఇవ్వం.”

“ప్రభుత్వం ఆవిడకేమవుతుందమ్మా?”

ఆ అమ్మాయి ఇంకోసారి సారీ చెప్పి ఫోన్ పెట్టేసింది. మాస్టారికి మాత్రం దారి దొరికింది. తిన్నగా పోలీసు స్టేషన్‌కి వెళ్లి, తన భార్య రహస్యంగా ఏవో రాతలు రాసిందనీ, తనకు అనుమానంగా ఉందనీ ఫిర్యాదు ఇచ్చాడు. పోయిందన్న ముక్క రాయలేదు. రాస్తే తీసుకోరని భయం.

“అమ్మ మీద కేసు పెట్టావా నాన్నా!” కూతురు నెత్తి కొట్టుకుంది.

“అమ్మ మీద కాదే, అమ్మ పాస్‌వర్డ్ మీద.”

ప్రభుత్వం అడిగింది. ప్రాణంలాంటి గోప్యతను కంపెనీ మూడు రోజుల్లో కట్ట కట్టి ఇచ్చేసింది. అందులో ఆవిడ తన చెల్లెలికి రాసిన మాటలు పోలీసుల కంట పడ్డాయి: ‘షాపులో మూడు చోట్ల పెట్టాను. ఒకటి తప్పినా ఇంకోటి మోగుతుంది.’

బాంబులేమోనని గంటలో వీధంతా ఖాళీ చేయించారు. పోలీసు కుక్క గడియారాల నూనె వాసన చూసి ఏడుసార్లు తుమ్మింది. చివరికి మూడు అలారం గడియారాలు దొరికాయి, ఒక్కోదాని కింద ఒక్కో మాత్రల అట్ట.

“అవి నా బీపీ మాత్రలకండీ. నేను మర్చిపోతానని పెట్టింది,” అన్నాడు మాస్టారు.

“ఆవిణ్ణే పిలవండి, చెప్తుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“పోయి నాలుగు నెలలైంది బాబూ.”

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. “చనిపోయిన మనిషి మీద కేసా? ఇప్పుడు మీ మీదే పెట్టాలి, తెలుసా?”

“పెట్టండి. ఆ ఉత్తరాలు ఒక్కసారి చూపించండి చాలు.”

“కుదరదు. విచారణ అయ్యేదాకా మీ కంట పడకూడదు.”

ఎవరెవరో చదివారు. తనకు తప్ప. మాస్టారు తల దించుకున్నాడు.

మంగళవారం విచారణకు పిలిచారు. ఇన్‌స్పెక్టర్ కట్టలోంచి ఒక కాగితం తీసి, తన వైపే తిప్పుకుని పైకి చదివాడు.

“‘మీ నీలం చొక్కాకి రెండో బొత్తాం కుట్టలేకపోయాను, చేతులు వణుకుతున్నాయి’ అని ఉంది. అది ఎవరు కుట్టారు?”



“ఇంకా ఎవరూ కుట్టలేదండీ,” అన్నాడు మాస్టారు.

ఇన్‌స్పెక్టర్ అదే రాసుకున్నాడు. “ఇలాంటివి ఇంకా డెబ్బై ఒకటి ఉన్నాయి. వారానికి ఒక్కటే అడుగుతాను. నాకూ వేరే పనులుంటాయి.”

పై మంగళవారం ముద్దాయి గడ్డం గీసుకుని, అరగంట ముందే స్టేషన్‌కి వచ్చి కూర్చున్నాడు.