పన్నెండు నెలలు చెల్లే ఊపిరితిత్తులు

టెచిమాన్ పట్టణంలో నర్సుగా పనిచేస్తూ కెనడా వీసాకు దరఖాస్తు పెట్టిన సెర్వా శరీరంలో ఏ లోపమూ లేదని ఆ దేశం తరఫు వైద్యుడు ధ్రువీకరించాడు. ఆ ధ్రువీకరణ పన్నెండు నెలలు చెల్లుతుంది. మర్నాటి నుంచి ఆ శరీరం ఆమెది కాకుండా పోయింది.

ఆదివారం ప్రార్థన కాగానే మేనమామ బోటెంగ్ బంధువులను కూర్చోబెట్టి ప్రసంగించాడు.

"ఈ ఊపిరితిత్తులు ఇక సెర్వావి కావు, మన వంశానివి. వీసా వచ్చేదాకా దీని దగ్గర ఎవరూ దగ్గకూడదు."

అందరూ చప్పట్లు కొట్టారు. దగ్గు ఆగనివాళ్లు బయటికి వెళ్లి దగ్గి వచ్చి మరీ కొట్టారు.

ఆసుపత్రిలో రోగులుంటారు కనుక ముందు ఆమె చేత ఉద్యోగం మాన్పించారు. నడిస్తే కాలు బెణుకుతుందని కుర్చీలో కూర్చోబెట్టారు. చిక్కిపోతే కెనడా వాళ్లకు అనుమానం వస్తుందని మూడు పూటలా దుంపలు దంచి చేసిన ఫుఫు ముద్దలు, మేక మాంసం పులుసు పెట్టారు. నాలుగో నెలకు చేతి గడియారం పట్టీ చాల్లేదు. ఆరో నెలకు మూడు మెట్లెక్కితే ఆయాసం.

"అప్పుడే కెనడా కళ వచ్చేసిందే నీకు," అంది పక్కింటావిడ, మనస్ఫూర్తిగా.

ఏడో నెలలో పెద్దమ్మ అఫ్రియే దగ్గుతూ వాకిట్లోకి వచ్చింది.

"మూడు వారాలైందే తల్లీ. ఒక్కసారి వీపు మీద చెవి పెట్టి చూడు."

సెర్వా లేచింది. మేనమామ అడ్డు నిలబడ్డాడు.

"నీకేమైనా బుద్ధుందా అక్కా? దాని ఊపిరితిత్తులు పరీక్ష పాసయ్యాయి. నీవి అవ్వలేదు."

సెర్వా కూర్చుండిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా గడువు ఇంకా ఐదు నెలలుంది.

పెద్దమ్మ పదో నెలలో పోయింది. 'వంశం కోసం దూరంగా నిలబడిన మహా త్యాగమూర్తి' అని మేనమామ శవపేటిక పక్కన నిలబడి కొనియాడాడు. సెర్వా ఆ మాటలు ఇంట్లో కుర్చీలో కూర్చునే ఫోనులో వింది.

వీసా రాలేదు, గడువు తీరింది. రెండోసారి పరీక్షలో రక్తపోటు, చక్కెర, మోకాళ్ల వాపు అన్నీ హాజరు పలికాయి. కాగితాలు తిరిగొచ్చాయి.

ఆ కబురు విని మేనమామ చొక్కా చేతిని పైకి మడిచి, చెయ్యి సెర్వా ముందుకు చాపాడు.

"ఎలాగూ ఖాళీయేగా. నా బీపీ ఎంతుందో చూడు."

సాయంత్రానికి ఆయన వెనక వీధి వీధంతా బారులు తీరింది. అందరికీ చూసింది సెర్వా. నీకెంతుందని ఒక్కరూ అడగలేదు.