నలభై ఒక్క వస్తువుల బీరువా

“ఇల్లు కాలుతుంటే బావి తవ్వే రోజులు పోయాయి. ఇకనుంచి బావి ముందే తవ్వుతాం. ఇల్లు దాని వీలునుబట్టి కాలుతుంది” అని ముందుజాగ్రత్త శాఖ మంత్రిగారు ప్రకటించగానే సభ యావత్తూ చప్పట్లు కొట్టింది.

ప్రతి ఇంట్లోనూ ఒక అత్యవసర బీరువా ఉంటుందని, అందులో నలభై ఒక్క వస్తువులు ఉంటాయని, ఆపైన ఏ ఆపదా జనం జోలికి రావడానికి సాహసించదని ఆయన సెలవిచ్చారు. నలభై ఒకటే ఎందుకని ఒక విలేకరి అడిగాడు. పాత ప్రభుత్వం నలభై ఇస్తానని చెప్పి ఇవ్వలేదని, తమ ప్రభుత్వం అంతకంటే ఒక అడుగు ముందుందని మంత్రిగారు ఓపిగ్గా వివరించారు. విలేకరి సిగ్గుపడి కూర్చున్నాడు.

మొదటి ఆదర్శ గృహంగా దర్జీ ఇల్లు ఎంపికైంది. ఇందులో దర్జీ గొప్పతనమేమీ లేదు. ఆ వీధి చివర మంత్రిగారి కారు వెనక్కి తిప్పుకోవడానికి చోటుంది, అంతే.

నిజం చెప్పాలంటే ఆ ఇల్లు ఎప్పటినుంచో సిద్ధంగానే ఉంది. ఆ సంగతి ప్రభుత్వానికి తెలియదు. దర్జీ భార్య కళ్లకు గంతలు కట్టి వదిలినా ఏ వస్తువు ఎక్కడుందో చెప్పగలదు. టార్చి తలుపు వెనక మేకుకి, అగ్గిపెట్టె పొయ్యి పక్క గూట్లో ఎడమవైపు. అన్నిటికంటే ముఖ్యమైనది అత్తగారి ఇన్‌హేలర్. పన్నెండేళ్లుగా ఆవిడకి ఆయాసం. అది వచ్చిందంటే ఎక్కువ సమయం ఇవ్వదు. అందుకని దర్జీ ఒక చిన్న గుడ్డసంచీ కుట్టి తల్లి మంచం కోడుకి కట్టాడు. ఇంట్లో ఏ మూల నుంచైనా కోడలు నాలుగైదు అడుగుల్లో అక్కడికి చేరుకోగలదు. చీకట్లో ఎన్నిసార్లు చేరుకుందో లెక్కలేదు.

ఒకరోజు పొద్దున్నే ప్రత్యేక అధికారి నలుగురు మనుషుల చేత ఇనుప బీరువా మోయించుకొచ్చాడు. దానికి ముందువైపు గాజు తలుపు. ఉన్నదే ఒక ముందుగది. అందులో కుట్టు మిషను, కత్తిరింపుల బల్ల, అత్తగారి మంచం. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు బీరువా లోపలికి వచ్చింది, బల్ల వరండాలోకి పోయింది.

“జాబితాలో ఉన్నవి మీ ఇంట్లో ఏమైనా దొరికితే వాటిని కుటుంబ భాగస్వామ్యం కింద లోపల పెడతాం. మిగతావి సర్కారువి” అన్నాడు అధికారి.

దొరికినవి నాలుగు. టార్చి మూడో నంబరు, అగ్గిపెట్టె ఆరో నంబరు. పదిహేడో నంబరు దగ్గర దర్జీ గొంతు సవరించుకున్నాడు. పాపం, నోట్లో నాలుక లేని మనిషి.

“అయ్యా, ఆ కత్తెర లేకపోతే నాకు పని లేదండి.”

“అది లేకపోతే మాకు పదిహేడు లేదయ్యా” అన్నాడు అధికారి.

ఇరవై తొమ్మిది: శ్వాసకోశ పరికరం. అధికారి మంచం కోడుకి కట్టిన సంచీలోంచి ఇన్‌హేలర్ తీస్తుంటే దర్జీ భార్య అడ్డొచ్చింది.

“సార్, అది మా అత్తయ్యది. ఎప్పుడు కావాల్సొస్తుందో తెలీదండి.”

“ఎప్పుడు కావాలో తెలిస్తే దాన్ని అవసరం అంటారమ్మా. తెలీదు కాబట్టే అత్యవసరం.”

“పోనీ, తాళంచెవి మాకిస్తారా?”

“ఆఫీసులో ఉంటుంది. ఆపదొస్తే జనం కంగారు పడతారు. కంగారులో అన్నిటికంటే ముందు పోయేది తాళంచెవే. దీనిమీద కమిటీ వేసి తేల్చారు.”

“మరి నిజంగా ఆపదొస్తే?”

“మంత్రిగారు అత్యవసర పరిస్థితి ప్రకటిస్తారు. ఆ ప్రకటన ఆఫీసుకి వస్తుంది. ఆఫీసు నుంచి తాళంచెవి మీకొస్తుంది. మీరు కూర్చున్న చోటునుంచి కదలక్కర్లేదు.”

తరవాత సర్కారువారి ముప్పై ఏడు పెట్టెలు దిగాయి. ప్రతి పెట్టెమీదా నవ్వుతున్న మంత్రిగారి బొమ్మ. కింద రేడియో అనో, తాడు అనో, సుత్తి అనో రాసి ఉంది. దర్జీ సాయం పట్టబోతే అధికారి ఒప్పుకోలేదు. ఒక్కొక్క పెట్టెనీ తనే రెండు చేతులతో ఎత్తి, చాలా బరువున్నట్టు మెల్లగా లోపల పెట్టాడు. అలా సొంత చేతులతో కష్టపడే అధికారులు ఈ రోజుల్లో అరుదు.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు రిబ్బను ముందు నిలబడి చెయ్యి చాపారు. కత్తెర కోసం అందరూ అందరి మొహాలూ చూశారు. కత్తెర బీరువాలో గాజు వెనక మెరుస్తూ ఉంది. చివరికి మంత్రిగారు రిబ్బను పళ్లతో కొరికారు. “కత్తెరైనా వాడని నిరాడంబరుడు” అని మర్నాడు పత్రిక రాసింది. గుమ్మం మీద బోర్డు పెట్టారు: “అత్యవసరం రాని రోజులు”. దాని కింద అంకె రోజురోజుకీ పెరుగుతూ వచ్చింది.

బోర్డు పెట్టాక జనం చూడ్డానికి రావడం మొదలైంది. వాళ్లు వంటింట్లోంచి దూరి ముందుగదిలోంచి బయటికి వెళ్లేవారు. ఒకావిడ మంచం దగ్గర ఆగి, “మామ్మగారూ, ఇప్పుడు ధైర్యంగా ఉందా?” అని అడిగింది.

“నా మందు కనిపిస్తోందమ్మా” అంది ముసలావిడ గాజుకేసి చూస్తూ. ఆ మాటని ప్రశంస కింద సందర్శకుల పుస్తకంలో రాసుకున్నారు.

సెలూన్ ఆయన దగ్గర దర్జీ కత్తెర అరువు తెచ్చుకున్నాడు. జుట్టు కత్తిరించే కత్తెర బట్టకి లొంగుతుందా? ఊళ్లో సగంమంది ప్యాంట్లకి ఒక కాలు పొట్టి అయింది. దర్జీ భార్య ఇంకో ఇన్‌హేలర్ కోసం మందుల షాపుకి వెళ్లింది.

“మీకు అమ్మకూడదమ్మా. సర్క్యులరొచ్చింది” అన్నాడు షాపాయన. “ఆదర్శ గృహాల్లో అన్నీ ఉన్నాయంట. మళ్లీ కొంటే లేవని ఒప్పుకున్నట్టంట.”

“లేవన్నా. తాళం వేసేశారు.”

“ఆ మాట నాకు చెప్పకు తల్లీ, నా లైసెన్సు పోతుంది.”

అత్తగారికి ఆవిరి పట్టి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, వీపు రాసి ఇరవై అయిదు రోజులు ఎలాగో నెట్టుకొచ్చింది. రాత్రీ పగలూ ఆవిడ ఊపిరి వైపే ఒక చెవి వేసి ఉంచింది.

ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం మంత్రిగారు, అధికారీ, ఒక విలేకరీ తనిఖీకి వచ్చారు. వచ్చిన కాసేపటికే వాన మొదలైంది. వానంటే అలాంటిలాంటి వాన కాదు. మూడింటికే చీకటి పడింది, కరెంటు పోయింది, వీధి కాలవై గుమ్మం దాటి లోపలికొచ్చింది. మంత్రిగారి కారు తిప్పుకునే చోటే మునిగింది. మంత్రిగారు కుట్టు మిషను స్టూలెక్కి కూర్చుని కాళ్లు పైకి పెట్టుకున్నారు.

“టార్చి ఏదీ?”

“బీరువాలో ఉంది సార్” అన్నాడు అధికారి.

“తియ్యి.”

“తాళంచెవి ఆఫీసులో ఉంది సార్. తమరు అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే...”

“ప్రకటిస్తే ఆ బోర్డు మీద అంకె ఏమవుతుందయ్యా? సున్నా అవుతుంది. ఇది అసౌకర్యం. అలా రాసుకో.”

అధికారి చీకట్లోనే రాసుకున్నాడు. నీళ్లు మోకాళ్ల కిందిదాకా పెరిగాక మంత్రిగారు మరోసారి ఆలోచించి, “తీవ్ర అసౌకర్యం” అని దిద్దించారు. పరిస్థితినిబట్టి అభిప్రాయం మార్చుకునే పెద్దమనసు ఎంతమందికి ఉంటుంది?

ముసలావిడ ఊపిరిలో పిల్లికూత దర్జీ భార్యకే ముందు వినిపించింది. నాలుగు అడుగుల్లో నీళ్లలోంచి వెళ్లి మంచం కోడు దగ్గర చెయ్యి పెట్టింది. పన్నెండేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్లింది. సంచీ ఖాళీ. ఆ క్షణంలో ఆమెకి వచ్చింది భయం కాదు, ఒళ్లు మండిపోయేంత కోపం.

“అయ్యా, మా అత్తయ్యకి ఊపిరందట్లేదు. ఆ మాటేదో అనెయ్యండి.”

మంత్రిగారు జాలిపడ్డారు. “ఒక్క మనిషికి ఒంట్లో బాగోకపోతే అది ఆరోగ్య శాఖ కిందికి వస్తుందమ్మా. నేను వేరే వాళ్ల శాఖలో వేలు పెట్టే మనిషిని కాను.”

ఆమె అధికారి వైపు తిరిగింది. ఇంటినిండా అన్ని నీళ్లుండగా ఆయన కూడా నీళ్లే నమిలాడు. మంచం మీద ముసలావిడ నోరు తెరిచి గాలికోసం ఎగబీలుస్తోంది. “అమ్మా, అమ్మా” అంటూ దర్జీ తల్లి వీపు నిమురుతున్నాడు.

దర్జీ భార్య మిషను మీదున్న బొగ్గుల ఇస్త్రీ పెట్టె రెండు చేతులతో ఎత్తింది.

“కొంచెం పక్కకి జరగండి సార్, గాజు పెంకులు గుచ్చుకుంటాయి” అంది మర్యాదగా.

గాజు భళ్లుమంది. ఆమె చెయ్యి తిన్నగా ఇరవై తొమ్మిదో నంబరు మీదికి వెళ్లింది. ఇన్‌హేలర్ అత్తగారి నోట్లో పెట్టి రెండుసార్లు నొక్కింది. కాసేపటికి ముసలావిడ ఊపిరి ఆడింది. దర్జీ గోడకి చేరగిలబడి ఏడ్చేశాడు.

ఆ దెబ్బకి కదిలిన సర్కారు పెట్టెలు ఒక్కొక్కటే బీరువాలోంచి నీళ్లలో పడ్డాయి. రేడియో తేలింది. తాడు తేలింది. సుత్తి కూడా తేలింది. మంత్రిగారి బొమ్మలు నవ్వుతూ గది అంతా తిరిగి, స్టూలు కాళ్ల చుట్టూ చేరాయి.

మంత్రిగారు ముందుగా తేరుకున్నారు.

“ప్రభుత్వ బీరువా పగిలింది. రాసుకోవయ్యా, అత్యవసర పరిస్థితి ప్రకటిస్తున్నాను.”

మర్నాటి పత్రికలో వార్త వచ్చింది: “దర్జీ ఇంట బీరువాకు గాయాలు. పరిస్థితి నిలకడగా ఉంది.”

నీళ్లు తీశాక, ఆ పొద్దున పదకొండు గంటలకి తాళంచెవి జీపులో వచ్చింది. అధికారి గాజులేని తలుపుకి తాళంచెవి పెట్టి రెండుసార్లు తిప్పి తెరిచాడు. నలభై ఒక్క వస్తువులూ అందినట్టు దర్జీ చేత సంతకం పెట్టించుకున్నాడు. అత్యవసరం ముగిసింది గనక నలభై ఒకటీ తిరిగి అప్పగించమన్నాడు. తడిసిన పెట్టెల్ని తనే తుడిచి, ఒక్కొక్కటీ రెండు చేతులతో ఎత్తి, మెల్లగా లోపల పెట్టాడు. టార్చి పెట్టాడు, అగ్గిపెట్టె పెట్టాడు, కత్తెర పెట్టాడు.

“మామ్మగారూ, ఇరవై తొమ్మిది” అని చెయ్యి చాపాడు.

ముసలావిడ పిడికిలి బిగించి గోడవైపు తిరిగి పడుకుంది. అధికారి కోడలి వైపు చూశాడు. ఆమె చొక్కా ఒకటి ఇస్త్రీ చేస్తోంది. పెట్టె పైకెత్తి, ఆగి, ఆయన వైపు చూసింది.

“ఇరవై తొమ్మిది, వాడకంలో ఉంది” అని ఆయన రాసుకున్నాడు. తలుపు మూసి తాళం వేసి, ఒకసారి లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

జీపు మలుపు తిరిగేదాకా ఆగి దర్జీ లేచాడు. తలుపు చట్రంలోంచి చెయ్యి పెట్టి తన కత్తెర తీసుకుని, వరండాలో బల్ల దగ్గరికి వెళ్లి పనిలో కూర్చున్నాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది.