ముప్పై డిగ్రీల కాపురం

ఈ కథలో ఎవరినైనా తిట్టాలంటే ముందు గ్యారంటీని తిట్టాలి. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గాని, నోరు తెరిస్తే "గ్యారంటీ" అంటాడు కాబట్టి తను పనిచేసే లేతు మిషన్ల షెడ్డులో అందరికీ వాడు గ్యారంటీయే. వాడు హామీ ఇచ్చి కొనిపించిన గొడుగు కింద తడవనివాడు ఆ షెడ్డులో లేడు. అలాంటివాడు అక్కడే పనిచేసే టర్నరుకి స్వయానా బావమరిది కావడం టర్నరు ఖర్మ.

ఆ ఆదివారం పొద్దున టర్నరు వేసుకున్న పథకం చిన్నది. గడ్డం గీసుకోవాలి, కాసేపు రేడియో వినాలి, తర్వాత ఓ కునుకు తీయాలి. గడ్డం సగంలో ఉండగా గ్యారంటీ ఊడిపడ్డాడు.

"బావా, నువ్వు ఫోర్‌మన్ అయిపోయినట్టే. గ్యారంటీ."

షెడ్డులో పాత ఫోర్‌మన్ నెలాఖరుకి మానేస్తున్నాడు. పద్దెనిమిదేళ్లుగా లేతు ముందు నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న టర్నరుకి ఆ పదవి తప్ప వేరే కోరిక లేదు. అందుకే మొహం మీద నురగతోనే అడిగాడు.

"ఎవరు చెప్పార్రా?"

"చెప్పేదేముంది? ఓనరు గారింట్లో రంగులేయిస్తున్నారు. ఆయన గాజు తొట్టిలో పెంచుకునే డిస్కస్ చేపలకి ఇరవై రోజులు చోటు కావాలి. ఎవరింట్లో పెట్టాలా అని తల పట్టుకుంటే, మా బావ ఉన్నాడు సార్, చేపలంటే ప్రాణం అన్నాను."

"నాకు చేపలంటే ప్రాణమని ఎప్పుడు చెప్పాను?"

"తింటావుగా!"

మర్నాడే గాజు తొట్టి దిగింది. టర్నరు స్టాండు కింద రేకు ముక్కలు దూర్చి, రసమట్టం పెట్టి, వెంట్రుకవాసి వంపు లేకుండా నిలబెట్టాడు. ఓనరు తన ఇంట్లో తిరుగుతున్న ఫిల్టరునే తడి ఆరకుండా తెచ్చి బిగించాడు. డ్రమ్ములో ఒక రోజు నిలవ ఉంచిన నీళ్లు పోసి, హీటరు ముప్పై డిగ్రీల దగ్గర పెట్టి, చివరికి చేపల్ని వదిలాడు. సాసరంత గుండ్రంగా, బల్లపరుపుగా, నీలి చారలతో రెండు చేపలు. హాలంతా ఓసారి ఎగాదిగా చూసి ఒక మూలకి పోయాయి.

"ఇవి మామూలు చేపలు కావయ్యా. తలుపు దబేలుమంటే మూడు రోజులు తిండి మానేస్తాయి. రోజూ పావువంతు నీళ్లు మార్చాలి. వీటికేమైనా అయిందో..." అని ఓనరు టర్నరు వంక చూసి ఆగిపోయాడు.

ఆ మిగిలిన సగం మాటని టర్నరు తర్వాతి రోజులన్నీ రకరకాలుగా పూర్తి చేసుకున్నాడు.

ఇంటి వైరింగు పాతది. చేపల హీటరూ స్నానాల గీజరూ ఒకేసారి వేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. మూడోరోజుకి ఎవరు చన్నీళ్లు పోసుకోవాలో తేలిపోయింది.

"మనకి వణుకు, వీళ్లకి వెచ్చటి నీళ్లు. వచ్చే జన్మంటూ ఉంటే ఓనరు గారి చేపగా పుట్టాలి," అంది టర్నరు భార్య పళ్లు టకటకలాడిస్తూ.

"మెల్లిగా మాట్లాడవే. బెదురుతాయి!"

"మీరు షెడ్డు నుంచి గంటకోసారి ఫోన్ చేసి కదులుతున్నాయా అంటారే, ఆ రింగుకి బెదరటం లేదూ?"

ఐదోరోజు చేపల రంగు మారింది. నీలి చారలు పోయి, పొయ్యి మీద మాడిన గిన్నెలా నల్లబడ్డాయి. వేసిన తిండి వేసినట్టే ఉంది. రెండూ ఫిల్టరు గొట్టం దగ్గర కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాయి. ఆ గొట్టానికి తేనెరంగు చుక్కలు వరసగా అంటుకుని ఉన్నాయి. గొట్టాలతోనే బతుకు వెళ్లదీసిన టర్నరుకి అది చిలుములా కనిపించింది. గీకుదామని చెయ్యి పెడితే చేప వచ్చి వేలిని ఢీకొట్టింది. అతను పులి నోట్లోంచి తీసుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆ సాయంత్రం ఓనరు ఫోన్.

"ఎలా ఉన్నాయయ్యా? ఏమైనా మార్పు కనిపిస్తోందా?"

టర్నరు తొట్టి వైపు వీపు తిప్పుకున్నాడు. "ఏ మార్పూ లేదు సార్. తెచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే."

"ఊఁ," అని ఓనరు నిట్టూర్చాడు. టర్నరు ఆ నిట్టూర్పుని పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. "ఆయనకి అనుమానం వచ్చిందే. గొంతులోనే తెలుస్తోంది."

"వస్తే అడుగుతారు కదా?"

"అడగరు. పెద్దవాళ్లు అడగరు, తీసేస్తారు."

రోజూ సాయంత్రం అదే ప్రశ్న, అదే జవాబు, అదే నిట్టూర్పు. పన్నెండోరోజు పొద్దున తొట్టిలోకి తొంగిచూసిన టర్నరుకి ముచ్చెమటలు పోశాయి. రెండు చేపల ఒంటి నిండా సన్నటి తెల్లటి పురుగులు. ఒక్కటి కాదు, రెండు కాదు, దుమ్ము పట్టినట్టు పట్టి, చర్మాన్ని కొరుక్కు తింటున్నాయి. అతను ఫోటో తీసి గ్యారంటీకి పంపాడు.

గ్యారంటీ రెండు కిలోల ఉప్పుతో వచ్చాడు.

"ఇది చేప పేను బావా. మా ఫ్రెండు వాళ్లింట్లో కూడా పట్టింది. బకెట్టు ఉప్పు నీళ్లలో పావుగంట ముంచితే ఒక్కటి మిగలదు."

"ఓనరు గారిని ఒక్క మాట అడుగుదామా?"

"అడిగితే ఏమంటారు? నా చేపలకి పేను పట్టించావా అంటారు. ఫోర్‌మన్ కావాలా, వద్దా?"

కావాలి. అందుకే టర్నరు చేపల్ని బకెట్లోకి ఎత్తాడు. పురుగులు రాలడం మొదలైంది. అవి రాలుతున్నకొద్దీ టర్నరు ఊపిరి పీల్చుకున్నాడు. ఈలోగా గ్యారంటీ తొట్టిలో నీళ్లు పైపు పెట్టి బాత్రూములోకి తోడేశాడు. మూలల్లో గుంపుగా మిగిలిన పురుగుల్ని టర్నరు భార్య స్పాంజితో తుడిచి పడేసింది. డ్రమ్ములో నిలవ నీళ్లు పోసి, వెచ్చబెట్టి, చేపల్ని మళ్లీ వదిలారు. రెండ్రోజులకి నీలి చారలు తిరిగొచ్చాయి. టర్నరు రెండు వారాల తర్వాత కడుపు నిండా తిన్నాడు.

ఆ సాయంత్రమే ఓనరు చేపల మేత డబ్బా పట్టుకుని స్వయంగా వచ్చాడు. గ్యారంటీ కూడా వెంటే ఉన్నాడు.

"భేష్! నా దగ్గర కూడా ఇంత కళగా లేవయ్యా!"

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ గండం గట్టెక్కింది కదా, కాస్త పేరు కూడా కొట్టేద్దామనిపించింది టర్నరుకి.

"మీరు కంగారు పడతారని చెప్పలేదు సార్. ఒళ్లంతా పురుగులు పడితే నేనే నయం చేశాను. ఇదిగో, ముందెలా ఉన్నాయో చూడండి," అంటూ ఫోన్ చేతికిచ్చాడు.

ఓనరు ఫోటోని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. తర్వాత కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూలబడ్డాడు. కుర్చీ లేదు.

"ఇవి పురుగులు కావయ్యా," అన్నాడు నేలమీద నుంచి. "పిల్లలు. ఈ జాతి పిల్లలు తల్లీతండ్రీ ఒంటి మీది జిగురు తిని పెరుగుతాయి. నాలుగేళ్లయ్యా! నాలుగేళ్లుగా గుడ్డు పెట్టలేదు. రోజూ ఫోన్ చేసి మార్పుందా, మార్పుందా అని అడిగింది దీనికే."

"అయ్యో, పసిపిల్లల్నా!" అని, తొట్టి అద్దం తుడుస్తున్న టర్నరు భార్య చేతిలోని స్పాంజిని చూసుకుని పక్కన పడేసింది.

ఓనరు ఫోటోలో చుక్కల్ని వేలితో లెక్కపెట్టసాగాడు. నూట పన్నెండు దగ్గర ఆపేసి ఫోన్ తిరిగిచ్చేశాడు. టర్నరు మనసులో ఉద్యోగానికి దండం పెట్టేసుకున్నాడు.

"సార్, ఒకసారి పెట్టినవి మళ్లీ పెడతాయి. గ్యారంటీ," అన్నాడు గ్యారంటీ.

పుట్టి బుద్ధెరిగాక వాడు చెప్పిన మొదటి నిజం అదే. ఓనరు మెల్లిగా లేచి, బట్టలు దులుపుకుని, హాలంతా కలయజూశాడు.

"నిజమే. నా ఇంట్లో మొహాలు కూడా చూసుకోని జంట ఇక్కడ వారం తిరక్కుండా సంసారం మొదలెట్టింది. ఈ ఇంట్లో ఏదో ఉంది. ఇవిక ఇక్కణ్ణుంచి కదలకూడదు."

ఉద్యోగం నిలిచిందని టర్నరుకి ప్రాణం లేచొచ్చింది. "అలాగే సార్. కన్నపిల్లల్లా చూసుకుంటాను. మరి ఆ... ఫోర్‌మన్ సంగతి?"

"ఫోర్‌మన్ అంటే చీకటిపడేదాకా షెడ్డులో ఉండాలయ్యా. నువ్వు నాలుగింటికల్లా ఇక్కడుండాలి, నీళ్లు మార్చొద్దూ? ఫోర్‌మన్ పని ఇతను చూసుకుంటాడులే," అని ఓనరు గ్యారంటీ భుజం తట్టాడు. "అసలు నీ ఇల్లు చూపించిందే ఇతను."

"నువ్వేం దిగులుపడకు బావా," అన్నాడు కొత్త ఫోర్‌మన్. "నేనున్నాగా."

వాళ్లిద్దరూ వెళ్లాక టర్నరు టేపు తీసి తొట్టి చుట్టూ కొలిచాడు. హాల్లో అతను శాశ్వతంగా పోగొట్టుకున్న నేల సరిగ్గా ఆరు చదరపు అడుగులు.