మద్దిచెట్టు బడి తనను తాను కొలుచుకున్న వైనం

ఒక పెద్ద అడవిలో, ఏటి ఒడ్డున, చెట్లెక్కడం నేర్పే బడి ఒకటి నడిచేది. దానికి హెడ్మాస్టరు గవరయ్య అనే దున్నపోతు. ఆయన పుట్టి బుద్ధెరిగి చెట్టెక్కిన పాపాన పోలేదు; సీనియారిటీ మీద వచ్చాడు. పాఠాలు చెప్పేది మాత్రం మాణిక్యం టీచరు. ఆవిడ ఉడుత.

ఒకరోజు సింహంగారి ఆజ్ఞ వచ్చింది. బడులన్నీ తమ నాణ్యతను తామే కొలుచుకోవాలట. ఎలా కొలుచుకుంటున్నాయో పరిశోధించడానికి కొంగ డాక్టరుగారు వస్తారట. పనికిరాదని తేలిన బడి మూతేనట.

మాణిక్యం పిల్లలను మద్దిచెట్టు ఎక్కించి చూసింది. ఎలుగుపిల్ల మొదటి కొమ్మ దాకా పాకి, కళ్లు గట్టిగా మూసుకుని, అమ్మను కేకేసింది. కుందేలుపిల్ల మొదట్లోనే జారి కూలబడింది.

"సగం మందికి ఇంకా రాలేదు సార్. ఉన్నదున్నట్టు రాద్దాం. నిదానంగా నేర్పుకుందాం," అంది మాణిక్యం.

"ఉన్నదున్నట్టు రాస్తే బడే ఉండదమ్మా! అయినా లోపం పిల్లల్లో లేదు, నీలోనూ లేదు. ఈ చెట్టే మరీ నిలువుగా ఉంది," అన్నాడు గవరయ్య.

వెంటనే ఏనుగును పిలిపించాడు. అది నుదురు ఆనించి ఒక్క తోపు తోసింది. చెట్టు నేలమీద పడుకుంది. పిల్లలు కేరింతలు కొడుతూ చిటారుకొమ్మ దాకా పరుగెత్తారు. వాళ్ల వెనకే గవరయ్యా నడిచాడు. మాణిక్యం ఇల్లు ఆ చెట్టు తొర్రే. ఆవిడ గుమ్మం ఇప్పుడు బురదలో ఉంది.

కొంగ డాక్టరుగారు వచ్చారు.

"చిటారుకొమ్మ చేరినవారు?"

"అందరూ!" అన్నాడు గవరయ్య.

"చెట్టు పడుకుని ఉందండీ," అంది మాణిక్యం ఉండబట్టలేక.

"చెట్టు పడుకుందా, లేచి ఉందా అన్నది నా పరిశోధన పరిధిలోకి రాదమ్మా."

నివేదిక చదివి సింహం మురిసిపోయింది. అన్ని బడులూ ఇదే పద్ధతి పాటించాలని ఉత్తర్వు వేసింది. ఏనుగులు నాలుగు దిక్కులా బయలుదేరాయి.

ఎండాకాలం వచ్చేసరికి అడవిలో నిలబడ్డ చెట్టు లేదు. ఉత్తమ హెడ్మాస్టరు దండ మెడలో వేసుకుని గవరయ్య నాలుక వేలాడేసి రొప్పుతున్నాడు. కొంగ డాక్టరుగారు గాలిలో చక్కర్లు కొడుతూ వచ్చి వాలారు.

"నా గూడేదయ్యా?"

"నాణ్యత పెరిగిందండీ," అన్నాడు గవరయ్య, నీడ కోసం కొంగ రెక్క కిందికే తలదూరుస్తూ.

ఎలుగుపిల్ల మాణిక్యం తోక పట్టుకుని లాగింది. "టీచర్, ఇప్పుడు నాకు అన్ని చెట్లూ ఎక్కడం వచ్చేసింది కదా?"

మాణిక్యం వాడి తల నిమిరింది.

నీతి: పిల్లలకు చెట్టెక్కడం రాకపోతే, తప్పు ముమ్మాటికీ చెట్టుదే.