అభిరుచి లేని నక్షత్రం

చాలా ఏళ్లుగా నాకొక సందేహం. పండుగనాడు దీపాలు పెట్టేది దేవుడు చూడాలనా, ఎదురింటివాళ్లు చూడాలనా? రోజూ పూజ చేసుకునేవాణ్ని కాబట్టి పైకి అడగలేదు. ఈ డిసెంబరులో మా అశోక్‌నగర్ అపార్టుమెంటు సంఘమే జవాబు ప్రకటించింది: అన్ని ఫ్లాట్లకూ క్రిస్మస్ అలంకరణ పోటీ.

భవనంలో క్రైస్తవ ఇల్లు ఒక్కటే, కింది ఫ్లాటు కరుణమ్మగారిది. అదొక లోటని ఎవరికీ తోచలేదు. సంఘం అధ్యక్షులు విశ్వేశ్వరరావుగారు ఇంటింటికీ వచ్చి, అందరూ చేసే పొరపాట్లను దయతో సరిదిద్దారు. ఈశాన్యంలో బరువు కూడదని క్రిస్మస్ చెట్లను నైరుతికి జరిపించారు. దిష్టి తగలకుండా కొమ్మలకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించారు. వినాయక మండపం లైట్లు ఓంకారంతో సహా బాల్కనీలకెక్కాయి. రెండో అంతస్తు పద్మగారు, నుదురు బోసిగా ఉందని క్రిస్మస్ తాతకు బొట్టు పెట్టారు.

చివరికి పరిశీలక బృందం కరుణమ్మగారి గుమ్మం ముందు ఆగింది. వెదురు పుల్లలకు ఎర్ర కాగితం అంటించిన నక్షత్రం, లోపలొక బల్బు. గదిలో గడ్డి పరిచిన బుల్లి పశువుల పాక, గడ్డిమీద బాల యేసు బొమ్మ.

“పసిబిడ్డను గడ్డిమీద పడుకోబెట్టడం ఏం అభిరుచండీ? పట్టుపరుపు వేయించండి. ఈ ఏడాది మన రంగులు తెలుపు, బంగారం. ఆ ఎర్ర నక్షత్రం తీసేయాలి,” అన్నారు అధ్యక్షులు.

“పరుపు దొరకకనే గద సారూ, గడ్డి మీద పండుకున్నడు,” అన్నారు కరుణమ్మగారు. “నక్షత్రం ఉండనియ్యుండ్రి. ఇంటింటికి క్రిస్మస్ పాటలు పాడే మా చర్చి పిల్లలు నారాయణగూడ నుంచి నడిచొస్తరు. ఏటా కొత్తోళ్లే. అది చూసే ఇల్లు గుర్తుపడ్తరు.”

ఈ విలువైన సూచనను రాసుకుని, నక్షత్రాన్ని దింపించి వాచ్‌మన్ గదిలో పెట్టించారు.

సాయంత్రం పాటల పిల్లలు వచ్చారు. అంత వెలుగులో ఏ ఇల్లో తెలియక, అన్నిటికన్నా మెరుస్తున్న అధ్యక్షులవారి గుమ్మం ముందు పాడారు. ఆయన హారతిచ్చి, తీర్థం పోసి పంపారు. వాళ్లు పని అయిపోయిందనుకుని గేటు దాటుతున్నారు.

“పాట లేకుంటే ఆమెకు పండుగెట్ల అయితది? చూస్తవేంది, నడువు,” అంది మా ఆవిడ ఉదయశ్రీ.

వాచ్‌మన్ గదిలోంచి నక్షత్రాన్ని తీసి, చేత్తో ఎత్తి పట్టుకుని వీధిలోకి పరుగెత్తాను. పిల్లలు వెనక్కి తిరిగారు.

మేమిద్దరం కింద కరుణమ్మగారింట్లో ఉన్నప్పుడే పోటీ న్యాయనిర్ణేతలు మా ఫ్లాటు చూడ్డానికి వచ్చారట. తాళం, చీకటి చూసి, ‘అతి లేని అలంకరణ’ అని మొదటి బహుమతి మాకే రాశారు. మనుషులు లేని ఇంటి అందం మీకు తెలియనిదా?

కరుణమ్మగారు ప్రతి వినాయక చవితికీ మా ఇంట్లో కూర్చుని తిన్నారు. ప్రతి క్రిస్మస్‌కూ పిలిచారు. ‘వచ్చే ఏడు తప్పకుండ’ అంటూ వచ్చాం. ఆ సాయంత్రం పిల్లల పాట వింటూ, ఆమె ఇంట్లో నేలమీద కూర్చుని, పెట్టినదంతా తిన్నాం.